చలికాలంలో మోటార్‌సైకిల్ సంరక్షణ: మన సీమ వాతావరణానికి ఏది అవసరం, ఏది అనవసరం?

ఉరవకొండ ఉదయం (అనంతపురం జిల్లా)

సభ్యులందరికీ నమస్కారం. కార్తీకం దాటిందంటే మా వైపు తెల్లవారుజామున 13, 14 డిగ్రీల చలి ఉంటుంది. మధ్యాహ్నానికి మళ్లీ 30 డిగ్రీలకు చేరుతుంది. రోజూ తెల్లవారకముందే బండి తీసి అనంతపురం వెళ్లవలసిన ఉద్యోగం నాది. నా దగ్గర ఉన్నది కార్బొరేటర్‌తో (పెట్రోలును గాలితో కలిపే పాతకాలపు పరికరం) నడిచే పాత వంద సీసీ బండి. మా తమ్ముడిది 2021లో కొన్న, సెన్సర్ల లెక్కతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ బండి. ఎండాకాలంలో ఒక్క కిక్కుకే లేచే నా బండి ఇప్పుడు ఎంతసేపు తొక్కినా లేవడం లేదు. తమ్ముడి బండి సెల్ఫ్ నొక్కితే టిక్కుమని శబ్దం చేసి ఊరుకుంటోంది.

ఈ విషయం గురించి వెతికితే దొరికే సలహాలలో ఎక్కువ భాగం నీళ్లు గడ్డకట్టే దేశాలవి. వాళ్లు నవంబరులో బండిని కప్పిపెట్టి మార్చిలో బయటికి తీయమంటారు. మనకు బండి ఆగితే పని ఆగుతుంది. కాబట్టి కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల్లో రోజూ బండి నడుపుకునేవారికి నిజంగా వర్తించే జాగ్రత్తలు ఏవో అనుభవజ్ఞులు వివరంగా రాయవలసిందిగా కోరుతున్నాను.

పాత షెడ్డు (అనంతపురం)

మీ ఇంట్లోని రెండు బండ్లకూ కారణాలు వేరు కాబట్టి విడివిడిగా చెబుతాను. అంతకుముందు ఒక మాట. మన జిల్లాల చలి బండిని పాడుచేసేంతటిది కాదు. ఏప్రిల్, మే నెలల ఎండా, ఆ తరువాతి వానా బండిలో మిగిల్చిన లోపాలను మన చలి బయటపెడుతుంది, అంతే. చలికాలంలో నా షెడ్డుకు వచ్చే బండ్లను ముప్పై ఏళ్లుగా చూస్తూ నేను చేరుకున్న అభిప్రాయం ఇది.

తమ్ముడి బండి విషయంలో ముందు చూడవలసింది బ్యాటరీ. బ్యాటరీలోని ఆమ్లమూ సీసపు పలకలూ కలిసి జరిపే రసాయన చర్య చలికి మందగిస్తుంది. సున్నా డిగ్రీల వద్ద మామూలు శక్తిలో దాదాపు ఐదో వంతు తగ్గుతుంది. మనకు సున్నా రాదు కనుక ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీకి 13 డిగ్రీలు లెక్కలోకి రావు. అయితే 42, 43 డిగ్రీల ఎండలో నిలబెట్టిన బండిలోని బ్యాటరీకి లోపలి నీరు ఆవిరవుతుంది, పలకలు తుప్పుపడతాయి. ఎండాకాలంలో ఇంజిన్ సులువుగా తిరుగుతుంది కాబట్టి సగం బలంతోనైనా ఆ బ్యాటరీ నెట్టుకొస్తుంది. డిసెంబరులో ఆయిల్ చిక్కబడి, తిప్పడానికి ఎక్కువ బలం కావలసి వచ్చినప్పుడు దాని అసలు స్థితి తెలుస్తుంది. అప్పుడు యజమాని చలిని తప్పుపడతాడు.

పరీక్ష కష్టమైనది కాదు. రాత్రంతా నిలిపిన బండి బ్యాటరీకి ఉదయాన్నే, తాళం తిప్పకముందే, మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు) పెట్టి చూడండి. 12.6 నుంచి 12.8 వోల్టులు ఉంటే నిండుగా ఉన్నట్టు. 12.4 ఉంటే ముప్పాతిక, 12 దగ్గరికి వచ్చిందంటే దాదాపు ఖాళీ. తరువాత సెల్ఫ్ నొక్కుతుండగా చూడండి, 9.5 కంటే కిందికి పడిపోతే ఆ బ్యాటరీలో బలం లేదు. ఇంజిన్ నడుస్తుండగా కొంచెం ఎక్సలేటర్ ఇచ్చి చూస్తే 13.5 నుంచి 14.5 మధ్య రావాలి. అది రాకపోతే లోపం బ్యాటరీలో కాకుండా ఛార్జింగ్ వైపు, అంటే రెగ్యులేటర్‌లోనో కాయిల్‌లోనో ఉంటుంది. ఈ మూడో పరీక్ష చేయకుండా కొత్త బ్యాటరీ కొంటే అది కూడా కొద్ది నెలల్లో పాతదాని దారి పడుతుంది. సెల్ఫ్‌ను ఒకసారికి ఐదు సెకన్లకు మించి నొక్కకండి. మళ్లీ నొక్కే ముందు పది పదిహేను సెకన్లు ఆగండి.

ఇంజెక్షన్ బండికి ఇంకొక సంగతి ఉంది. తాళం తిప్పగానే ట్యాంకులోని పంపు సన్నగా మోగుతుంది. ఆ రెండు మూడు సెకన్ల శబ్దం ఆగిన తరువాతనే సెల్ఫ్ నొక్కాలి. ఎక్సలేటర్ తిప్పకూడదు. ఇంజిన్ ఎంత చల్లగా ఉందో సెన్సరు చూసుకొని కావలసినంత పెట్రోలు అదే ఇస్తుంది. మధ్యలో మనం గాలి తలుపు తెరిస్తే ఆ లెక్క తప్పుతుంది.

మీ కార్బొరేటర్ బండికి చోక్ పనిచేస్తోందో లేదో ముందు చూడండి. చల్లని ఇంజిన్‌లో పెట్రోలు సరిగా ఆవిరి కాదు. అందుకే చోక్ లాగి గాలి తగ్గించి, పెట్రోలు వాటా పెంచుతాం. ఎండాకాలమంతా వాడకపోవడం వల్ల చోక్ తీగ దుమ్ము పట్టి బిగుసుకుంటుంది. పిడి కదిలినా లోపలి తలుపు కదలని బండ్లు నా దగ్గరికి చాలా వస్తాయి. చోక్ పూర్తిగా లాగి, ఎక్సలేటర్ ముట్టకుండా కిక్కు కొట్టండి. లేచిన తరువాత అర నిమిషం, మహా అయితే నిమిషం, అంతలో చోక్‌ను తిరిగి మామూలు స్థితికి తేవాలి. అది మరిచి పది కిలోమీటర్లు పోతే ప్లగ్గు మసిబారి, మరుసటి ఉదయం ఇంకా మొండికేస్తుంది. ప్లగ్గు తీసి మసి తుడిచి, సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్ల మధ్య ఉందేమో చూసుకోండి. చాలా వంద సీసీ బండ్లకు కొలత ఆ దరిదాపుల్లోనే ఉంటుంది, కచ్చితమైనది బండి పుస్తకంలో చూడండి.

నల్లరేగడి (నంద్యాల దారి, కర్నూలు)

పాత షెడ్డు గారు చెప్పిన దానిలో ఆయిల్ చిక్కబడటం అనే మాట వచ్చింది కనుక ఒక సందేహం. మా ఊరి మెకానిక్ ప్రతి చలికాలంలోనూ పలుచని ఆయిల్ పోయించుకోమంటాడు. 20డబ్ల్యూ-50 తీసేసి 10డబ్ల్యూ-30 పోస్తే ఉదయం సులువుగా లేస్తుందని ఆయన వాదన. ఇది నిజమేనా? నిజమైతే వేసవిలో మళ్లీ మార్చవలసి వస్తుంది కదా?

పాత షెడ్డు (అనంతపురం)

పలుచని ఆయిల్‌తో కొంచెం సులువుగా తిరుగుతుందన్నది నిజమే. దాని కోసం గ్రేడు మార్చాలన్నది సరికాదు. మొదటి అంకె ఆయిల్ చలిలో ఎలా ప్రవర్తిస్తుందో చెబుతుంది. 20డబ్ల్యూ అని రాయాలంటే మైనస్ 15 డిగ్రీల వద్ద ఇంజిన్ తిరగగలిగే పరీక్షలో నెగ్గాలి. 10డబ్ల్యూకు ఆ పరీక్ష మైనస్ 25 వద్ద జరుగుతుంది. మన అతి చల్లని ఉదయం కూడా ఆ రెండింటికీ చాలా పైన ఉంటుంది. రెండో అంకె వంద డిగ్రీల వేడిలో ఎంత చిక్కదనం నిలుస్తుందో చెబుతుంది, మనకు ముఖ్యమైనది అదే. 50 పోయవలసిన, గాలితో చల్లబడే ఇంజిన్‌లో 30 పోసి, జనవరి మధ్యాహ్నం ఇద్దరిని కూర్చోబెట్టుకొని కడప నుంచి రాయచోటి వైపు గువ్వలచెరువు ఘాటు ఎక్కితే, ఆ ఇంజిన్‌కు ఉదయపు చలి కంటే ఆ ఎక్కుడే పెద్ద పరీక్ష.

బండితోపాటు ఇచ్చిన పుస్తకంలో ఏ గ్రేడు ఉందో అదే పోయండి. డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 (బండ్ల ఆయిల్ అని తెలిపే ప్రమాణపు గుర్తు) అని ఉండాలి. బండ్లలో క్లచ్ పలకలు ఆయిల్‌లోనే మునిగి ఉంటాయి కాబట్టి కార్ల ఆయిల్ పోస్తే జారే ప్రమాదం ఉంది. ఉదయాన్నే బండి బిగుతుగా అనిపిస్తే గ్రేడును అనుమానించే ముందు ఆయిల్ వయసు చూడండి. మాడి జిగురైన పాత ఆయిల్‌ను మార్చడంతోనే సగం బాధ తీరుతుంది.

ఇంజిన్ వేడెక్కాలని పది నిమిషాలు నిలబెట్టి మోగించేవారు కూడా ఉన్నారు. అర నిమిషం నుంచి నిమిషం చాలు. ఆ తరువాత మొదటి రెండు మూడు కిలోమీటర్లు నిదానంగా, గట్టిగా గుంజకుండా నడిపితే ఇంజిన్, గేర్లు, టైర్లు అన్నీ కలిసి వేడెక్కుతాయి. లేవగానే ఎక్సలేటర్ తిప్పి అరిపించడం అప్పుడే నిద్రలేచిన మనిషి నెత్తిన మూట పెట్టినట్టే.

ఉరవకొండ ఉదయం

పాత షెడ్డు అన్నకు ధన్యవాదాలు. మల్టీమీటర్ అడిగి తెచ్చి చూశాను. తమ్ముడి బండి బ్యాటరీ ఉదయం 12.2 చూపింది, సెల్ఫ్ నొక్కితే 9 కంటే కిందికి పోయింది. తోసి లేపిన తరువాత ఛార్జింగ్ 14 దాకా వస్తోంది. అంటే రెగ్యులేటర్ బాగుంది, బ్యాటరీయే పోయింది. నా బండిలో మీరన్నట్టే చోక్ తీగ కదలడం లేదు. నూనె వేసి సడలిస్తే తలుపు మూసుకుంటోంది.

ఇంకో రెండు విషయాలు అడగాలి. ఉదయం బండి లేచిన కొద్దిసేపటి దాకా సైలెన్సర్ నుంచి నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతున్నాయి. అలాగే మా నాన్న బండిని ఇంటి నుంచి చేనికి పోయి రావడానికే వాడతారు. ఆ బండి ఆయిల్ మూత తీస్తే లోపల మీగడ లాంటి తెల్లని పదార్థం కనిపించింది. ఇంజిన్‌లోకి నీళ్లు దిగాయేమోనని ఆయన కంగారుపడుతున్నారు.

సూత్రాల బడి (కర్నూలు)

నేను కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఈ రెండింటికీ కారణం ఒక్కటే. పెట్రోలులోని హైడ్రోజన్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీరవుతుంది. ఒక లీటరు పెట్రోలు కాలితే దాదాపు ఒక లీటరు నీరు పుడుతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నంతసేపూ అది కంటికి కనపడని ఆవిరిగా బయటికి పోతుంది. చల్లని ఉదయం సైలెన్సర్ గొట్టపు గోడలు చల్లగా ఉంటాయి కాబట్టి ఆవిరి వాటిని తాకి చుక్కలవుతుంది. గొట్టం వేడెక్కగానే ఆగిపోతుంది. అది లోపం కాదు. బండి లేచిన నిమిషానికే ఆపేస్తే మాత్రం ఆ నీరు సైలెన్సర్ అడుగున నిలిచి లోపలి నుంచి తుప్పు పట్టిస్తుంది.

మీ నాన్నగారి బండిలో జరుగుతున్నదీ ఇలాంటిదే. పిస్టన్ పక్కల నుంచి కొంత ఆవిరి ఆయిల్ ఉన్న గదిలోకి జారుతుంది. దూరం పోయే బండిలో ఆయిల్ బాగా వేడెక్కి ఆ తేమను మళ్లీ ఆవిరిగా తరిమేస్తుంది. చేనికీ ఇంటికీ మధ్య ఒకటి రెండు కిలోమీటర్లు మాత్రమే నడిచే బండిలో ఆయిల్ ఆ వేడికి చేరదు. తేమ మిగిలి, ఆయిల్‌తో చిలికినట్టు కలిసి, అన్నిటికంటే చల్లగా ఉండే మూత దగ్గర తెల్లగా పేరుకుంటుంది. మూత తుడిచి, వారంలో ఒకసారైనా అరగంటపాటు ఆగకుండా ఎక్కడికైనా నడిపి రమ్మనండి. అప్పటికీ తెల్లదనం మళ్లీ మళ్లీ వస్తూ, ఆయిల్ మట్టం పెరుగుతూ ఉంటే అప్పుడు వేరే కారణం వెతకాలి.

టైర్ల విషయం ఎవరూ ఎత్తలేదు కనుక అదీ చెబుతాను. గాలి చల్లబడితే ఒత్తిడి తగ్గుతుంది. 30 పీఎస్ఐ ఉన్న టైరులో ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పడితే దాదాపు ఒకటిన్నర పీఎస్ఐ తగ్గుతుంది. మధ్యాహ్నం 30 డిగ్రీల వేడిలో, అందులోనూ రోడ్డు మీద పరుగెత్తి వేడెక్కిన టైరుకు సరిగ్గా 25 పట్టించుకున్నవారికి మరుసటి ఉదయం 14 డిగ్రీలలో 22, 23 మాత్రమే మిగులుతుంది. అందుకే బండి తీసిన కిలోమీటరు రెండు కిలోమీటర్లలోపే, టైరు చల్లగా ఉన్నప్పుడే గాలి చూపించుకోవాలి. ఎంత ఉండాలో చెయిన్ కవర్ మీదనో వెనుక ఫోర్క్ మీదనో అంటించిన కాగితంలో ముందు టైరుకూ వెనుక టైరుకూ విడివిడిగా ఉంటుంది. చల్లని రబ్బరుకు పట్టు కూడా తక్కువే. మంచుకు తడిసిన రోడ్డు మీద, ముఖ్యంగా తెల్లగీతల మీదా రైలుపట్టాల మీదా మొదటి కిలోమీటర్లలో బండిని వంచకండి.

కువైట్ నుంచి కడప

నేను కడప జిల్లావాడిని. సెలవు ముగించుకొని వచ్చే వారం తిరిగి వెళ్తున్నాను. నా బండి ఇంటి దగ్గర నెలల తరబడి కదలకుండా ఉంటుంది. మా వైపు ఇలా బండి వదిలి వెళ్లేవాళ్లు ఇంటికొకరు ఉన్నారు. మా నాయనకు గేర్ల బండి రాదు. ఆయన చేత చేయించగలిగినంత తేలికైన పద్ధతి ఎవరైనా చెప్పగలరా?

పెన్న ఒడ్డు (కడప)

తమ్ముడూ, నాయనకు బండి నడపడం రాకపోయినా స్టాండు మీదనే ఆదివారం ఆదివారం ఐదు నిమిషాలు స్టార్ట్ చేసి ఆపమని చెప్పు. బ్యాటరీ నిలుస్తుంది, ఇంజిన్ బిగుసుకోదు. మా వీధిలో అందరూ చేసేది ఇదే.

పాత షెడ్డు (అనంతపురం)

పెన్న ఒడ్డు గారూ, మీరు మేలు కోరే చెప్పారు, అయినా ఈ పద్ధతితో నేను ఏకీభవించలేను. ఇది చాలా ఇళ్లలో ఉన్న అలవాటు కనుక కొంచెం వివరంగా రాస్తాను. సెల్ఫ్ ఒకసారి తిప్పడానికి బ్యాటరీ నుంచి పోయిన శక్తి, నిదానంగా మోగే ఇంజిన్ ఐదు నిమిషాల్లో తిరిగి ఇవ్వగలిగిన దానికి దాదాపు సరిపోతుంది, కొన్ని బండ్లలో ఎక్కువే. 2017 ఏప్రిల్ తరువాత వచ్చిన బండ్లకు ఇంజిన్ లేవగానే హెడ్‌లైటు దానంతటదే వెలుగుతుంది, ఆపే మీట ఉండదు. ఆ ఖర్చు కూడా కలపండి. పైగా సూత్రాల బడి గారు చెప్పిన నీరు ఉండనే ఉంది. ఐదు నిమిషాల్లో పుట్టిన తేమ ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ నిలుస్తుంది, దాన్ని వెళ్లగొట్టేంత వేడి పుట్టదు. కాబట్టి నడిపితే అరగంట నడపాలి. నడిపే మనిషి లేకపోతే అసలు ముట్టకుండా ఉంచడమే మంచిది.

కువైట్ తమ్ముడికి నా సలహా ఇది. వెళ్లే ముందు ఆయిల్ మార్పించు. కాలిన ఆయిల్‌లోని ఆమ్లం నెలల తరబడి బేరింగులను తింటూ ఉండకూడదు. కొత్త ఆయిల్‌తో అరగంట నడిపి ఆపు. ఇంజెక్షన్ బండి అయితే ట్యాంకు మెడ దాకా కాకుండా నిండుగా పెట్రోలు పట్టించు. ఇప్పుడు మన బంకుల్లో దొరికేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు, ఇథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగటి వేడికీ రాత్రి చల్లదనానికీ గాలి లోపలికీ బయటికీ వస్తూ పోతూ తేమను తెస్తుంది. నీరు మితిమీరితే ఇథనాల్‌ను వెంట తీసుకొని పెట్రోలు నుంచి విడిపోయి అడుక్కు చేరుతుంది. పంపు పీల్చేది అడుగు నుంచే. కార్బొరేటర్ బండి అయితే ట్యాంకు నింపి, పెట్రోలు కాక్ మూసి, కార్బొరేటర్ గిన్నె కింద ఉన్న స్క్రూ విప్పి అందులోని పెట్రోలు దించేయి. లేకపోతే అది ఎండి జిగురై జెట్ల సన్నని రంధ్రాలను మూసేస్తుంది.

బ్యాటరీ నుంచి ముందు నెగటివ్, తరువాత పాజిటివ్ వైరు విప్పి, బ్యాటరీని తీసి ఇంట్లో నీడపట్టున పెట్టమను. బండికి దొంగతనం పట్టే పరికరమో జీపీఎస్ పెట్టెయో బిగించి ఉంటే అది తాళం తీసినా కరెంటు తాగుతూనే ఉంటుంది. బండ్ల బ్యాటరీలు చిన్నవి కాబట్టి కొన్ని వారాల్లోనే పూర్తిగా దిగిపోతాయి. నెలకొకసారి బ్యాటరీని షాపులో ఇచ్చి ఛార్జి చేయించడం నాయన సులువుగా చేయించగల పని. నీళ్లు పోసే రకమైతే రెండు గీతల మధ్య మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయించాలి. బోరు నీరు గానీ, ఇంటి ఫిల్టర్ నీరు గానీ పోయకూడదు. బండిని నడుమ స్టాండు మీద నిలిపి, రెండు టైర్లలోనూ గాలి నిండుగా పెట్టించు.

కువైట్ నుంచి కడప

ధన్యవాదాలు అన్నా. ఆయిల్ రేపే మార్పిస్తాను. బ్యాటరీ తీయడం నాయనకు చూపించే పోతాను.

లేహ్ శిబిరం

నాది గుత్తి దగ్గరి ఊరు, ప్రస్తుతం లడఖ్‌లో ఉద్యోగం. నీళ్లు గడ్డకట్టే చోట ఏం జరుగుతుందో తెలిస్తే మన దగ్గర ఏవి అనవసరమో అర్థమవుతుందని రాస్తున్నాను. ఇక్కడ జనవరి రాత్రులలో మైనస్ 15, మైనస్ 20 సాధారణం. దిగిపోయిన బ్యాటరీలోని ద్రావణం ఆ చలికి గడ్డకట్టి డొక్క పగులుతుంది. నిండుగా ఛార్జి అయినదానికి ఆ భయం ఉండదు. అందుకే రాత్రి బ్యాటరీ తీసి గదిలో పెట్టుకుంటారు. నీటితో చల్లబడే ఇంజిన్లలో ఉత్త నీరు ఉంటే గడ్డకట్టి దాదాపు 9 శాతం వ్యాకోచించి ఇంజిన్ గోడనే చీలుస్తుంది. సగం నీరు, సగం గ్లైకాల్ అనే ద్రవం కలిపితే (దీన్నే కూలెంట్ అంటారు) మైనస్ 35 దాకా గడ్డకట్టదు.

మన జిల్లాల్లో ఈ భయాలేవీ లేవు. కానీ రేడియేటర్ ఉన్న బండ్లవాళ్లు, మనకు మంచు లేదు కదా అని కూలెంట్ బదులు బోరు నీరు పోయడం సెలవులకు వచ్చినప్పుడల్లా చూస్తున్నాను. కూలెంట్ గడ్డకట్టకుండా కాపాడటంతోపాటు మరిగే ఉష్ణోగ్రతను పెంచుతుంది, అల్యూమినియం తుప్పుపట్టకుండా ఆపుతుంది. మన బోరు నీటిలోని ఉప్పులు బిందె అడుగున తెల్లగా కట్టినట్టే రేడియేటర్ గొట్టాల్లో కూడా కడతాయి. ఆ దెబ్బ ఏప్రిల్‌లో తెలుస్తుంది. చలికాలం కూలెంట్ మార్చుకోవడానికి అనువైన కాలం.

హంద్రీ గాలి (కర్నూలు)

తుంగభద్ర, హంద్రీ కలిసే చోటికి దగ్గరలో మా ఇల్లు. డిసెంబరులో పొగమంచు పట్టిన రోజున బండి తెల్లవారేసరికి కడిగినట్టు తడిసి ఉంటుంది. ప్లాస్టిక్ పట్టా కప్పితే ఇంకా చెడు జరుగుతుంది. నేలలోంచి లేచిన తేమ దాని కింద చిక్కుకొని పగలంతా ఉడుకుతుంది. పైకప్పు కింద నిలిపితే గుడ్డ చాలు. ఆరుబయట నిలిపేవారు పట్టాను సీటు, ట్యాంకు, మీటరు వరకే కప్పి, చక్రాలనూ ఇంజిన్‌నూ గాలి ఆడేలా వదలాలి. వేడి ఇంజిన్ మీద వెంటనే కప్పకూడదు.

ఉదయం బ్రేకు డిస్కు మీద సన్నని ఎర్రటి తుప్పు పొర కనిపిస్తే భయపడవద్దు. మొదటి రెండు మూడు బ్రేకులకే పోతుంది. డ్రమ్ము బ్రేకు మాత్రం తడికి మొదటిసారి ఒక్కసారిగా పట్టేస్తుంది. వీధి దాటకముందే మెల్లగా వెళ్తూ రెండుసార్లు తొక్కి చూసుకోవాలి. బండి కడగడం సాయంత్రం పెట్టుకోకండి. ఎండెక్కాక కడిగి, చిన్న దూరం నడిపి, చెయిన్‌కు నూనె వేసి నిలపండి. బోరు నీళ్లయితే ఆరనివ్వకుండా గుడ్డతో తుడవండి.

పల్లెల్లో ఇంకొక సమస్య ఎలుకలు. వేరుశనగ బస్తాలు ఇంట్లోకి చేరే కాలంలో ఎలుకలు కూడా చేరతాయి, చలికి వెచ్చగా ఉండే బండి సీటు కిందా ఎయిర్ ఫిల్టర్ పెట్టెలోనూ గూడు కడతాయి. ఇంజెక్షన్ బండిలో ఒక్క సెన్సరు వైరు కొరికితే ఇంజిన్ లేవదు. బస్తాల గదిలో బండి పెట్టకండి. వారానికొకసారి సీటు ఎత్తి చూడండి.

తాడిపత్రి బాట

ఎయిర్ ఫిల్టర్ మాట వచ్చింది కాబట్టి చిన్న చేర్పు. సంక్రాంతి నాటికి నేల ఎండి రోడ్ల పక్క దుమ్ము లేస్తుంది. మా వైపు బండ పాలిష్ పొడి దీనికి తోడు. మూసుకుపోయిన ఫిల్టర్ చోక్ లాగినట్టే గాలి తగ్గిస్తుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది. స్పాంజి ఫిల్టర్‌ను సబ్బు నీళ్లలో కడిగి, ఆరబెట్టి, నూనె పట్టించి వాడుకోవచ్చు. నూనె పట్టించి వచ్చే కాగితం ఫిల్టర్‌ను కడగకూడదు, గాలి కొట్టకూడదు, మార్చడమే. చెయిన్‌ను కిరోసిన్‌తో తుడిచి, పొడి గుడ్డతో ఆరబెట్టి, 90 గేర్ ఆయిల్ పట్టిస్తే చాలు. ప్రయాణం నుంచి వచ్చి చెయిన్ వెచ్చగా ఉన్నప్పుడు పట్టిస్తే రాత్రంతా లింకుల్లోకి దిగుతుంది.

కళ్యాణదుర్గం చేను

చలికాలం అనగానే నాకు ముందు గుర్తొచ్చే ప్రమాదాన్ని ఇంతవరకూ ఎవరూ రాయలేదు. డిసెంబరు, జనవరి నెలల్లో మా వైపు ఉలవ పంట కోసి, బండ్ల చక్రాల కింద నలిగి గింజ రాలుతుందని తారు రోడ్డు మీద పరుస్తారు. ఆ ఉలవ కట్టె (మొక్క కాడలు) తీగలాగా ఉంటుంది. వెనుక చక్రానికీ స్ప్రాకెట్‌కూ (చెయిన్ తిరిగే పళ్ల చక్రం) చుట్టుకుంటుంది. ఇలాంటి కట్టె కింద చిక్కుకొని కార్లు మంటల్లో కాలిపోయిన సంఘటనలు మన వైపు ఉన్నాయి. బండ్లకు కూడా ఆ ప్రమాదం ఉంటుందా? రోడ్డంతా పరిచి ఉంటే ఏం చేయాలి?

పాత షెడ్డు (అనంతపురం)

ఉంటుంది. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్6 (కొత్త కాలుష్య ప్రమాణాల) బండ్లలో మరింత జాగ్రత్త అవసరం. పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను చాలా బండ్లలో ఇంజిన్‌కు దగ్గరగా, సైలెన్సర్ గొట్టంలోనే బిగిస్తారు. అది కొన్ని వందల డిగ్రీల వేడితో పనిచేస్తుంది. ఎండిన కట్టె దానికి అంటుకొని నిలిస్తే ముందు పొగ, తరువాత మంట. కారులో అడుగున జరిగేది కనపడదు. బండిలో వాసన ముందే తెలుస్తుంది, ఆ వాసనను నిర్లక్ష్యం చేయకూడదు.

ఇతర దారి ఉంటే ఆ దారిన పోవడం మేలు. తప్పనప్పుడు పంట పలుచగా ఉన్న అంచు చూసుకొని, రెండో గేరులో నిదానంగా, ముందు బ్రేకు పట్టకుండా, హ్యాండిల్ తిప్పకుండా నేరుగా దాటండి. ఎండిన కట్టె కింద మిగిలిన గింజలు టైరు కింద గుండ్రాళ్లలా దొర్లుతాయి. ఉదయపు మంచుకు తడిసి ఉంటే జారుడు ఇంకా ఎక్కువ. వెనుక చక్రం బరువెక్కినట్టు అనిపించినా, చెయిన్ దగ్గర గీరుకునే శబ్దం వచ్చినా పంట మీద కాకుండా, దాటగానే వచ్చే ఖాళీ తారు మీద ఆపి తాళం తీయండి. ఇంజిన్ ఆపకుండా చక్రం దగ్గర చేయి పెట్టవద్దు. చెయిన్‌కూ స్ప్రాకెట్‌కూ మధ్య వేళ్లు నలిగిన మనుషులను నేను చూశాను. బండిని న్యూట్రల్‌లో పెట్టి, చక్రాన్ని వెనక్కి తిప్పుతూ కత్తితో కోసి తీయండి. సైలెన్సర్ వంపు వెనుక, ఇంజిన్ కింద, వెనుక బ్రేకు కడ్డీ దగ్గర చూడండి. ఎక్కువగా అక్కడే మిగులుతుంది.

ఇంటికి చేరాక వెనుక చక్రం ఇరుసు దగ్గర ఇంకొకసారి చూడాలి. సన్నని నార ఇరుసుకు చుట్టుకొని బేరింగ్ రబ్బరు సీలును లోపలికి కోస్తుంది. ఆ దారి గుండా దుమ్మూ తేమా చేరి బేరింగ్ పోతుంది. చక్రం పైభాగం పట్టుకొని అటూ ఇటూ ఊపితే సందు తెలిసినా, తిప్పితే గరగర వినిపించినా, బేరింగ్, సీలు రెండూ కలిపి మార్పించండి. ఒక్క బేరింగ్ మాత్రమే మార్చి పాత సీలు వదిలేస్తే మళ్లీ అదే దారిన తేమ చేరుతుంది.